ఓడిపోవడమే నా ఉద్యోగం

ఓడిపోయినందుకు నెలనెలా జీతం పుచ్చుకున్న మనిషిని మీరు చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. మీరంతా ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచే టార్గెట్లు, ప్రమోషన్లు అని మాట్లాడుకుంటూ ఉంటారు. నాకూ ఒక టార్గెట్ ఉండేది. సాయంత్రం క్లబ్బుకు వచ్చిన పెద్దమనిషి చీకటి పడేలోగా నా మీద గెలిచి, సంతోషంగా ఇంటికి పోవాలి. రిటైరయ్యేదాకా ఆ టార్గెట్ తప్పలేదు, ఒక్క ఆఖరి నెలల్లో తప్ప. ఆ ఆఖరి నెలల గురించే ఈ కథ.

అనంతపురంలో ఒక టెన్నిస్ క్లబ్బు. దాంట్లో నేను మార్కర్‌ని. తొమ్మిదో తరగతి రెండుసార్లు నన్ను కాదనేసరికి, నేనే దాన్ని కాదనుకుని, బంతులు ఏరే పనిలో చేరాను. కొన్నేళ్లకు మార్కర్‌నయ్యాను. మార్కర్ అంటే ఆడటానికి జోడీ దొరకని మెంబరుకు జోడీగా దిగేవాడు. కోర్టు చదును చేసేదీ, సున్నంతో గీతలు గీసేదీ, నెట్టు కట్టేదీ కూడా వాడే.

మట్టి కోర్టుకు రోజూ నీళ్లు కొట్టాలి. మా ఊళ్లో ఎండాకాలం మట్టికి నీళ్లు కొట్టడమంటే నడిబజారులో తన్నులు తినడానికి సిద్ధపడటమే. ప్రహరీ అవతల ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని నిలబడిన ఆడవాళ్లు నా పైపు వంక చూసి, "ఆ మట్టిలో ఏం మొలుస్తాయప్పా?" అని అడిగేవాళ్లు. ఒకసారి నోరూరుకోక, "ఆఫీసర్లు మొలుస్తారమ్మా" అన్నాను. పైపు గోడ మీంచి అవతలికి పోయింది. బిందెలన్నీ నిండాక గానీ తిరిగి రాలేదు.

ఇక అసలు పని, ఓడిపోవడం. అది తేలికనుకోకండి. ఊరికే ఓడిపోతే మెంబరుకు కోపమొస్తుంది. ఆయనకు చెమట పట్టాలి, గెలుపు చేజారిపోతున్నట్టు ఉండాలి, చివరికి ఆయన గొప్పతనం వల్లే దక్కినట్టు ఉండాలి. దానికి బంతి ఆయన కుడిచేతి కింద, నడుమెత్తుకు పడాలి. ఆయన కొట్టింది మూలకు పోతే, నేను పరుగెత్తి, అందీ అందనట్టు బ్యాట్ చాపి, "గుడ్ షాట్ సార్!" అనాలి. ఆ మాట నాకెంత అలవాటైపోయిందంటే, సంగటిలోకి నూరిన ఊరిబిండి ఎట్లుందని మా ఆవిడ అడిగితే కూడా నోట్లోంచి అదే వచ్చింది. ఆమె సార్ కాదు కాబట్టి ఆ పూట నాకు రెండో ముద్ద దొరకలేదు.

అట్లాంటి రోజుల్లో పాప వచ్చింది. ఎనిమిదేళ్లుంటాయేమో. వాళ్ల నాయనకు బోరు మోటర్ల అంగడి. వాన పడని జిల్లాలో అంతకన్నా వానలు కురిసే వ్యాపారం లేదు.

"అన్నా, పాప అంగట్లో మోటర్లు ఇప్పేస్తాండాది. ఇప్పింది మళ్లా బిగించేది చేతగాదు. సాయంత్రం రెండు గంటలు నీ దగ్గర కట్టేసుకో" అన్నాడాయన.

కట్టేసుకున్నాను. నాకు తెలిసిన విద్యే నేర్పాను. బంతి ఆమె కుడిచేతి కింద, నడుమెత్తుకు వేసేవాణ్ణి. ఆమె నా కుడిచేతి కింద, నడుమెత్తుకు తిరిగి వేసేది. నెల తిరిగేసరికి మా ఇద్దరి మధ్య బంతి ఊయలైపోయింది. క్యాంటీన్‌లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది గానీ మా బంతి కింద పడేది కాదు. నేను బ్యాట్ అన్నప్పుడల్లా, "రాకెట్, మామా" అని దిద్దేది. నేను దిద్దుకోలేదు. ఇప్పటికీ అది బ్యాటే.

జూనియర్ పోటీల్లో పాపను గోడ అని పిలిచేవాళ్లు. ఏం కొట్టినా తిరిగొస్తుంది మరి. అవతలి పిల్లలకు ఓపిక నశించి, కోపంగా ఒకటి బయటికి బాది, ఓడిపోయి ఏడుస్తూ పోయేవాళ్లు. జిల్లా అయింది, రాష్ట్రం అయింది, దేశమంతటి జూనియర్లలో కూడా పేరొచ్చింది. కప్పులన్నీ వాళ్ల నాయన అంగట్లో స్టార్టర్ డబ్బాల పక్కన వరసగా పెట్టాడు. రైతులు వాటిని చూసి, ఇన్ని బహుమతులు గెల్చిన కంపెనీ మోటరు మంచిదే అయ్యుంటుందని కొనుక్కుపోయేవాళ్లు. ఆయన ఎప్పుడూ దిద్దలేదు.

పద్దెనిమిది నిండాక ప్రొఫెషనల్ ఆటలోకి దిగింది. అక్కడ ముందు అర్హత పోటీలుంటాయి. అవి గెలిస్తేనే అసలు పోటీలో చోటు. పాప ఒక ఊరికి పోయింది, మొదటి ఆటలోనే ఓడింది. ఇంకో ఊరికి పోయింది, మొదటి ఆటలోనే ఓడింది. మూడో ఊరి నుంచి తిరిగొచ్చి, క్లబ్బు వరండా మెట్ల మీద సంచీ పడేసి కూర్చుంది.

"వాళ్లకు యిసుగు రాదు మామా. ఎన్ని తిరిగేసినా తప్పు కొట్టరు. యాడో ఒక మూలకు ఏసి పోతారు."

వెనకాలే వాళ్ల నాయన వచ్చాడు. ఆయన బాధ కూడా నాకు తెలుసు. ఓడిపోయి వచ్చిన ప్రతిసారీ పాప తలుపేసుకుని అన్నం ముట్టేది కాదు. బయట ఆయన కంచం పట్టుకుని నిలబడేవాడు.

"మూడు బోర్లు ఏసినామన్నా. మూడింట్లోనూ దుమ్మే లేసింది" అన్నాడు. "ఇంకొక్కటి ఏస్తా. బెంగుళూరులో. చెమ్మన్నా తగిలిందా, సరే. మొదటి ఆటలోనే దుమ్ము లేసిందా, బి.కాం.లో చేర్పించి అంగట్లో కూర్చోబెడతా. ఆ బ్యాట్లు అటకమీదికి."

"రాకెట్లు, నాయనా" అంది పాప ఏడుస్తూనే.

"ఏదో ఒగటి. అటకకు రెండూ ఒగటే."

ఆయన వెళ్లిపోయాడు. పాప లోపలికి మొహం కడుక్కోవడానికి పోయింది. ఇదంతా వరండాలో పేపరు వెనక నుంచి వింటున్న డాక్టరు గారు పేపరు దించారు. ఆయన ఎముకల డాక్టరు. క్లబ్బులో అందరికన్నా పాత మెంబరు. నా చేతిలో అందరికన్నా ఎక్కువసార్లు గెలిచిన మనిషి.

"పాప అచ్చం నీ మాదిరే ఆడతాండాదప్పా" అన్నారు.

"ఏదో, మీ దయ సార్" అన్నాను మెలికలు తిరుగుతూ.

"మెచ్చుకోలేదప్పా, తిట్టినా. ఇన్నేండ్లూ నువ్వు నాకు బంతి యాడ ఏస్తాండావు?"

నేను పాప సంచీ సర్దుతున్నట్టు వంగాను. జవాబూ ఆయనే చెప్పారు.

"నా కుడిచేతి కింద. నడుమెత్తుకు. పాప గూడా ఎగస్పార్టీకి సరిగ్గా ఆడనే వడ్డిస్తాండాది. చిన్నపిల్లోళ్లు కాబట్టి ఇన్నాళ్లూ వడ్డించింది తినలేక ఓడిపోయినారు. ఇప్పుడొచ్చేటోళ్లు తిని, కంచం గూడా ఎత్తుకుపోతాండారు."

"అంటే... మీకు తెలుసా సార్? మీతో నేను..."

"ఇంట్లో నా పెండ్లాం మీద గెలవను. ఆస్పత్రిలో పేషెంట్ల మీద గెలవను. ఈడ మాత్రం దినామూ గెలుస్తాండా. అనుమానం రాదా? ఎముకలు చదువుకున్నోణ్ణి గానీ, తలకాయ లేనోణ్ణి గాదు కదా!"



"మరి ఎందుకు సార్ ఏమనలేదు?"

"సుఖంగా ఉండింది, గమ్మునుంటి" అన్నారాయన. తర్వాత లేచి, "రేపు సాయంత్రం నాతో నిజంగా ఆడు. పాప చూడాల. నోటితో చెప్తే ఎక్కదు" అన్నారు.

"మీకు బీపీ సార్."

"బీపీ నాది, మాత్ర నాది. నీకేంటికి?"

మరుసటి సాయంత్రం కోర్టులోకి దిగాను. పాప గట్టు మీద కూర్చుంది. క్లబ్బు సెక్రటరీ గారు కూడా, ఏదో మామూలు ఆటే కదా అనుకుని, టీ కప్పుతో వచ్చి నిలబడ్డారు. నేను మనసులో గట్టిగా అనుకున్నాను: ఈరోజు ఆయనకు అందకుండా వెయ్యాలి. బ్యాట్ ఊపాను. రోజూ ఒకే ఇంటికి పాలు పోసేవాడి సైకిల్ లాగా, బంతి దానంతటదే పోయి డాక్టరు గారి కుడిచేతి కింద ఆగింది. ఇంకొకటి కొట్టాను. అదీ అక్కడే. ఆ గేము ఆయనదే అయింది.

"ఏమప్పా, ఇంకా భిక్షమేస్తాండావా?" అని అరిచారు డాక్టరు గారు.

"చెయ్యి వినడంలేదు సార్!"

"చేతికి కట్టు కట్టాల్నా?"

మళ్లీ మొదలుపెట్టాం. బంతి అటూ ఇటూ, అటూ ఇటూ. నాకు అన్నీ కనబడుతున్నాయి, డాక్టరు గారి తెల్ల టోపీ, తెల్ల బూట్లు, చేతిలో బ్యాటు. ఆయన లేని చోటు మాత్రం కనబడటంలేదు. ఇంతలో గట్టు మీద నుంచి పాప తటాలున లేచింది.

"మామా! ఆ పక్కంతా ఖాళీగా ఉండాది కదా! ఆడ ఏయ్! ఆ మనిషికే ఏస్తావేంటికి?"

అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తను అన్న మాట తనకే తగిలినట్టుంది. నేను ఆమె చెయ్యి చూపించిన వైపు కొట్టాను. బంతి ఎడమ మూలలో, నేనే పొద్దున గీసిన సున్నం గీత మీద పడి, తెల్లగా పొడి లేచి, కంచెకు తగిలింది. డాక్టరు గారు కదల్లేదు. బ్యాటు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టారు.

"గుడ్ షాట్ అప్పా!" అన్నారు.

ఆ మాట నేను అన్నవాణ్ణే గానీ విన్నవాణ్ణి కాదు. అది చెవిలో పడితే ఇట్లా ఉంటుందా అనిపించింది. ఇక నన్ను ఆపేవాళ్లు లేకపోయారు. ఎడమ మూల, కుడి మూల, నెట్టు పక్కన, తల మీంచి. ఇన్నేళ్లుగా దాచిపెట్టిన దెబ్బలన్నీ ఒక్క సాయంత్రం బయటపడ్డాయి. ఆరు ఒకటి. నేను గెలిచాను.

"ఆ ఒక్కటీ ఏంటికి ఇచ్చినావు?" అన్నారు డాక్టరు గారు, రొప్పుతూ.

"అలవాటు సార్."

అప్పటికి సెక్రటరీ గారి టీ చల్లారిపోయింది. ఆయన నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "అంటే... ఇన్నాళ్లూ నాతో గూడా...?" అన్నారు. నేను ఆయన కళ్లలోకి సూటిగా చూసి, "ఛ, ఛ. మీవి నిజంగానే అందలేదు సార్" అన్నాను. ఆయన భుజాలు నిటారుగా పెట్టుకుని ఇంటికి పోయారు.

మిగతా మెంబర్లు అంత తేలిగ్గా నమ్మలేదు. అప్పటికి నా రిటైర్మెంటుకు కొన్ని నెలలే ఉంది. ఒక్కొక్కరే వచ్చి, "నాతో గూడా నిజంగా ఆడు, చూస్తా" అని పట్టుబట్టారు. ఆడాను. అందరూ చూశారు. నెల తిరిగేసరికి టెన్నిస్ కోర్టు ఖాళీ అయి, పక్కన షటిల్ హాలు కిటకిటలాడిపోయింది. సరే, నాకూ పాపకూ కోర్టంతా మిగిలింది.

కొత్త పద్ధతి పెట్టాను. ఆమె కొట్టిన బంతి నా బ్యాటుకు అందిందంటే, నేను నడుం వంచి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "గుడ్ షాట్ మేడమ్!" అనాలి. సార్లకు ఎట్లా అనేవాణ్ణో అట్లాగే, అంత మర్యాదగా.

"అట్ల అనొద్దు మామా. ఒళ్లు మండుతాండాది."

"మండాలనే అంటాండా. నాకు వడ్డించినందుకు దండం పెట్టేది నా ధర్మం గదా!"

మొదటివారం నా నడుం వంగీ వంగీ పట్టేసింది. డాక్టరు గారు నూనె రాసిచ్చారు. రెండోవారం నుంచి నేను వంగడం తగ్గి, పరుగెత్తడం ఎక్కువైంది. అందని బంతుల వెంట పడీ పడీ నా చొక్కా పిండితే కోర్టు తడిసేది. ట్యాంకర్ కోసం నిలబడే ఆడవాళ్లకు ఇక నా పైపు వంక చూసే పని లేకుండా పోయింది.

బెంగుళూరుకు వాళ్ల నాయన టెంపోలో పోయాం. వెనకాల తిరుగు దారిలో ఇవ్వాల్సిన రెండు మోటర్లు, పైపులు. ముందు మేం ముగ్గురం. ఆ స్టేడియం గేటు దగ్గర ఒక్కో కారు ఒక్కో ఇల్లంత ఉంది. కాపలా ఆయన మా పైపులు చూసి, "ప్లంబింగా? వెనక గేటు" అన్నాడు. పాప దిగి తన పాసు చూపించింది. వాళ్ల నాయన దిగి, "బోరు బాగలేకపోతే చెప్పప్పా, మోటరు గూడా ఉండాది" అన్నాడు.

ఆయన పాప ఆట ఎప్పుడూ చూసినవాడు కాదు. కప్పులే చూశాడు. నా పక్కన కూర్చుని ప్రతి పాయింటుకూ, "మనం గెలుస్తాండామా?" అని అడిగేవాడు.

"ఇంకా లేదన్నా."

అవతలి అమ్మాయి పొడగరి. భుజబలం ఉంది. పాప భయపడింది. భయపడినప్పుడు చెయ్యి పాత ఇంటికే పోతుంది, నాది పోయినట్టు. బంతులన్నీ పోయి ఆ అమ్మాయి కుడిచేతి కింద వాలాయి. ఆమె ఒక్కొక్కటే బాదుతూ పోయింది. మొదటి సెట్టు పోయింది. రెండో సెట్టులో కూడా రెండు గేములు పోయాయి. అటక మీద బ్యాట్లు కనబడుతున్నాయి నాకు.

అప్పుడు వాళ్ల నాయన మెల్లగా నా మోచెయ్యి గీకాడు.

"అన్నా, నాకీ ఆట తెల్దు. తెలీక అడుగుతాండా. పక్కన అంత జాగా ఉంటే మన పాప ఆ పాపకే ఏంటికి ఇస్తాండాది?"

నాకూ డాక్టరు గారికీ బయటపడటానికి ఇన్నేళ్లు పట్టిన సంగతి ఆయనకు గంటలో తెలిసిపోయింది. పాప ఇంకొక చక్కని బంతి, నడుమెత్తుకు, పళ్లెంలో పెట్టినట్టు ఆ పొడగరికి అందించింది. ఆ అమ్మాయి దాన్ని మూలకు బాదింది. స్టేడియం నిశ్శబ్దం. నేను లేచి నిలబడి, నడుం వంచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, గొంతు చించుకున్నాను.

"గుడ్ షాట్ మేడమ్!"

అవతలి అమ్మాయి వాళ్లమ్మ నా వైపు తిరిగి కృతజ్ఞతగా తల ఊపింది. ఎత్తు కుర్చీలో ఉన్న అంపైరు కూడా, ఎంత పెద్దమనసు అన్నట్టు చూశాడు. పాప మాత్రం నా వైపు తిరిగి చూసిన చూపు ఉంది చూడండి, నేను కూర్చున్న కుర్చీ కాలిపోవాల్సింది. పళ్లు కొరికింది. బంతిని రెండుసార్లు నేలకు కొట్టింది. తర్వాతి బంతిని ఎక్కడ కొట్టిందంటే, అక్కడ మనిషి కాదు కదా, మనిషి నీడ కూడా లేదు.

"ఇప్పుడు?" అన్నాడు వాళ్ల నాయన.

"ఇప్పుడు గెలుస్తాండాం అన్నా."

రెండో సెట్టు మాది. మూడో సెట్టులో పొడగరి పరుగెత్తీ పరుగెత్తీ నిలబడిపోయింది. పాపకు పరుగు కొత్త కాదు, గోడగా ఉన్నన్నాళ్లూ అదే పని. కొత్తగా వచ్చింది ఖాళీ చూసే కన్ను. ఆఖరి బంతి గీత మీద పడి పొడి లేచినప్పుడు, వాళ్ల నాయన లేచి నిలబడి, గెలిచామో లేదో నన్ను అడక్కుండానే ఏడ్చేశాడు.

కథ అక్కడ ఆపేస్తే బాగుంటుంది. కానీ మర్నాడు రెండో ఆటలో పాప ఓడిపోయింది. బాగానే ఆడి ఓడింది. అసలు పోటీలో చోటు దొరకలేదు. టెంపోలో ముగ్గురం తిరుగు దారి పట్టాం. పాప కిటికీలోంచి బయటికే చూస్తోంది. వెనకాల మోటర్లు గతుకులకు లొడలొడలాడుతున్నాయి. హిందూపురం దారి దాటింది. పెనుకొండ దాటింది. ఈ బ్యాట్లు నీకొద్దని నేను లోపల ఆ అటకకే మొక్కుకుంటున్నాను.

ఒక చేను పక్కన రిగ్గు బండి నిలబడి బోరు వేస్తోంది. వాళ్ల నాయన టెంపో ఆపాడు. ఎక్కడ రిగ్గు కనబడ్డా ఆపడం ఆయనకు అలవాటు. దిగి పోయి, గుంతలోంచి వచ్చిన మట్టి వేళ్ల మధ్య నలిపి చూసి, ఆ రైతుతో రెండు మాటలు మాట్లాడి, తిరిగొచ్చి స్టీరింగు పట్టుకున్నాడు.

"ఆయప్ప రిగ్గు లేపేస్తానంటాండాడు" అన్నాడు మాతో. "చెమ్మ తగిలినాక ఎవరన్నా లేపుతారా? ఇంకా లోతుకు పో అని చెప్పినా."

కాస్త దూరం పోయాక పాప, "నాయనా?" అంది.

"నీకే చెప్తాండా పాపా. ఆయప్పకు మోటరు గూడా అమ్మినా అనుకో, అది వేరే."

పాప ఏడుస్తూ నవ్వింది. ఇంటికి పోగానే తలుపు వేసుకోకుండా మూడు చపాతీలు తిన్నదని వాళ్ల నాయన మర్నాడు ఊరంతా చెప్పాడు.

ఇప్పుడామె ఎక్కడెక్కడో దేశాల్లో ఆడుతోంది. పేపర్లో ఆఖరి పేజీలో, చిన్న అక్షరాల్లో కొన్నిసార్లు వస్తుంది. కళ్లజోడు పెట్టుకుని వెతుకుతాను. గెలిచినవీ ఉంటాయి, ఓడినవీ ఉంటాయి. ఆమె ఆట చూడని వాళ్లకు అదేం పెద్ద పేరు కాదు. కానీ అది ఆమె ఉద్యోగం. నాది ఓడిపోయే ఉద్యోగం, ఆమెది గెలిచే ఉద్యోగం. జీతం రెండింటికీ ఒళ్లు వంచితేనే వస్తుంది.

ఈ మధ్య ఊరికి వచ్చి, నన్ను ఇంట్లోంచి లాక్కుపోయింది. "మామా, రెండు గేములు ఆడదాం రా." కోర్టు అదే. గీతలు ఇప్పుడింకెవరో గీస్తున్నారు, కొంచెం వంకర. డాక్టరు గారు వరండాలో, సెక్రటరీ గారు టీ కప్పుతో. ఒక్క బంతీ నా దరిదాపులకు రాలేదు. మూలలన్నీ తిప్పింది. మోకాళ్లు రెండూ రాజీనామా ఇచ్చాయి. నడుం పట్టుకుని నెట్టు ముందు నిలబడిపోయాను.

అప్పుడొక బంతి వచ్చింది. నెమ్మదిగా, నా కుడిచేతి కింద, సరిగ్గా నడుమెత్తుకు. కొట్టాను. అది మూలకు పోయింది. పాప పరుగెత్తి, అందీ అందనట్టు బ్యాట్ చాపి, ఆగి, నడుం వంచింది.

"గుడ్ షాట్ సార్!"

"ఏం పాపా, నాకే భిక్షమేస్తాండావా?"

"ఛ, ఛ. నిజంగానే అందలేదు మామా" అంది, నా కళ్లలోకి సూటిగా చూసి.

వరండాలో డాక్టరు గారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నేను పట్టించుకోలేదు. భుజాలు నిటారుగా పెట్టుకుని, చీకటి పడేలోగా ఇంటికి వచ్చేశాను. ఇన్నేళ్లు ఆ సార్లను నేను ఎంత సుఖంగా ఇళ్లకు పంపించానో ఆ దారిలోనే నాకు తెలిసింది.